సెన్సార్ నెట్‌వర్క్‌లో వైరస్ ఎలా పాకుతుంది: ఏ మోడల్ ఎవరికి పనికొస్తుంది?

మొన్న రాత్రి ఒక జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఎంటెక్ ప్రాజెక్టుకి వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్‌లో వైరస్ వ్యాప్తి తీసుకున్నా. గైడ్ ఎస్ఐఆర్ చేయమంటున్నారు, సీనియర్ ఎన్ఎస్-3 అంటున్నాడు, పేపర్లు తిరగేస్తే సెల్యులర్ ఆటోమాటా అంటున్నారు. ఏది పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అన్నాడు. గంటన్నర మాట్లాడుకున్నాం. కొత్తవాళ్ల కోసం: సెన్సార్ నెట్‌వర్క్ అంటే చుట్టుపక్కల పరిస్థితులు కొలిచి రేడియోతో కబురు పంపే చిన్న పరికరాల గుంపు, ఒక్కో పరికరం ఒక నోడ్. ఎస్ఐఆర్ జబ్బుల వ్యాప్తిని లెక్కగట్టే సమీకరణాలు, ఎన్ఎస్-3 నెట్‌వర్క్‌ని కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్, సెల్యులర్ ఆటోమాటా గళ్ల మీద విడతలుగా నడిచే మోడల్. అతనికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే చిక్కులో నేను ఏడు నెలలు పోగొట్టుకున్నాను. ఆరు రకాల నోడ్‌లతో ఒక పెద్ద మోడల్ కట్టి, దాని స్థిరత్వానికి పేజీల కొద్దీ నిరూపణలు రాసి, తీరా సెమినార్‌లో నిలబడితే వెనక వరసలోంచి ఒకరు "ఇందులో నోడ్‌లు ఎక్కడున్నాయి? ఒకదానికొకటి ఎంత దూరం?" అని అడిగారు. నా సమీకరణాల్లో దూరం అన్న మాటే లేదు. ఆ రోజు నుంచి నేను ఏ మోడల్ చూసినా ముందు దూరం కోసమే వెతుకుతాను.

ఒక మాట ముందే. అందరికీ అలవాటైన మాట కాబట్టి వైరస్ అనే రాస్తున్నాను, కానీ మనిషి చెయ్యి పడకుండా ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి తనంతట తానే పాకేదాన్ని వార్మ్ అంటారు. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

## మోడల్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీ ప్రశ్న ఏమిటి? వైరస్ నాలుగు నోడ్‌లతో ఆగిపోతుందా, నెట్‌వర్క్ అంతా పాకుతుందా అన్నది ఒక ప్రశ్న. గేట్‌వే (నోడ్‌ల సమాచారాన్ని బయటి నెట్‌వర్క్‌కి చేర్చే పరికరం) దాకా ఎంతసేపట్లో వస్తుంది అన్నది ఇంకొకటి. ఏభై నోడ్‌లకే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) వేసే వీలుంటే ఏ ఏభైకి వేయాలి, బ్యాటరీలు ఎప్పటికి ఖాళీ అవుతాయి, ఇవి వేరే ప్రశ్నలు. ఒకే మోడల్ వీటన్నిటికీ జవాబు చెప్పదు. ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకోకుండా మోడల్ ఎంచుకోవడానికి కూర్చోకండి.

రెండోది, ఎవరి మాట ఎవరికి వినిపిస్తుంది? ఇంటర్నెట్‌లో పాకే వార్మ్ ఒక్క చోట కూర్చుని ప్రపంచంలో ఏ అడ్రస్ తలుపైనా తట్టగలదు. సెన్సార్ నోడ్‌కి ఆ వీలు లేదు, దాని రేడియో అందినంత మేరలో ఉన్న పొరుగు నోడ్‌లకే అంటించగలదు. ఆ పొరుగు కూడా చిత్రంగా ఉంటుంది. నోడ్‌లను ఒక మైదానంలో ఎలా పడితే అలా చల్లితే, మీ పొరుగు నోడ్‌కి ఉన్న పొరుగువాళ్లలో సగటున 59 శాతం మీకూ పొరుగువాళ్లే. అంటే వైరస్ మీ నుంచి పక్కనోడ్‌కి వెళ్లేసరికి అది అంటించబోయే వాళ్లలో సగానికి పైగా మీరు ముందే తట్టిన ఇళ్లే. వైర్‌లెస్‌లో వ్యాప్తి నెమ్మదించడానికి ఇదే పెద్ద కారణం.

మూడోది నిద్ర. బ్యాటరీ ఆదా కోసం సెన్సార్ నోడ్ ఎక్కువ సేపు రేడియో ఆపేసి పడుకుంటుంది. పంపే నోడ్, అందుకునే నోడ్ చెరో పది శాతం సమయం తమ ఇష్టం వచ్చినప్పుడు మెలకువగా ఉంటే, రెండూ ఒకేసారి మేలుకుని ఉండేది ఒక్క శాతం సమయమే. అదే రెండూ ముందే మాట్లాడుకున్నట్టు ఒకే టైమ్‌కి లేస్తే పది శాతం. పది రెట్ల తేడా! రెండు నెట్‌వర్క్‌ల్లోనూ డ్యూటీ సైకిల్ (నోడ్ మెలకువగా ఉండే వంతు) పది శాతమే అయినా వైరస్‌కి దొరికే అవకాశం ఒకటి కాదు.

నాలుగోది, అంకెలు ఎక్కడి నుంచి తెస్తారు? చాలా పేపర్లలో అంటుకునే రేటు 0.3 అనో 0.05 అనో పెట్టేసి ముందుకు పోతారు, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. ఒక చిన్న లెక్క చూడండి. చాలా సెన్సార్ నోడ్‌లు వాడే 802.15.4 ప్రమాణపు రేడియోలో ఒక ఫ్రేమ్ (ఒకసారి గాల్లోకి పంపే ముక్క) గరిష్ఠంగా 127 బైట్లు. చిరునామాల లాంటి హెడర్లు పోగా వంద బైట్ల దాకా మిగిలాయనుకుందాం. వైరస్ పది కిలోబైట్లు ఉంటే సుమారు వంద ప్యాకెట్లు కావాలి. ఒక్కో ప్యాకెట్ చేరే అవకాశం 90 శాతం, పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే ఏర్పాటు లేదు అనుకుంటే, వందా చేరే అవకాశం 0.9ని వందసార్లు గుణిస్తే వచ్చేది, అంటే లక్ష ప్రయత్నాల్లో మూడు కూడా కాదు. అదే వైరస్ ఒక్క ఫ్రేమ్‌లో పట్టేస్తే 90 శాతం. కాబట్టి అంటుకునే రేటు అంటే గాల్లోంచి తెచ్చే అంకె కాదు, వైరస్ సైజు, లింక్ నాణ్యత, తిరిగి పంపే పద్ధతి, ఈ మూడిట్లోంచి పుట్టేది.

ఇక ఐదోది, మీ చేతిలో ఉన్న టైమ్. నాలుగు నెలల ప్రాజెక్టుకీ నాలుగేళ్ల పీహెచ్‌డీకీ ఒకే సలహా చెప్పలేం.

## ఎస్ఐఆర్ సమీకరణాలు: అందరూ మొదలుపెట్టే చోటు

ఈ దారికి మన నేలతో నిజమైన చుట్టరికం ఉంది. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనుక్కున్నది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర. మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్యని ఒక హద్దు కిందికి దించితే చాలని తర్వాత ఆయనే లెక్కగట్టి చూపించారు. కసౌలీలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మెక్‌కెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో ఆ ఆలోచనని సమీకరణాల్లో పెట్టారు. వాళ్లు తమ లెక్కని సరిపోల్చి చూసింది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో. ఈ రోజు మీరు రాస్తున్న ఎస్ఐఆర్ అదే.

జనాన్ని మూడు గుంపులు చేస్తారు: ఇంకా సోకనివి (ఎస్), సోకినవి (ఐ), కోలుకున్నవి (ఆర్). సెన్సార్ నెట్‌వర్క్‌లో కోలుకోవడం అంటే ప్యాచ్ పడటం. సోకిన నోడ్ గంటకి ఎన్నిటికి అంటిస్తుందో దాన్ని, గంటకి ఎంత వంతు ప్యాచ్ అవుతాయో దానితో భాగిస్తే వచ్చేదే ఆర్-నాట్. అది ఒకటి దాటితే వ్యాప్తి, దాటకపోతే ఆగిపోవడం. ఆర్-నాట్ 1.5 అయితే చివరికి 58 శాతం నోడ్‌లకి సోకుతుంది, 2 అయితే 80 శాతానికి. ఒక కాగితం, ఒక పూట పని. చక్కగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఇబ్బంది ఎక్కడంటే, ఇందులో ప్రతి నోడ్ ప్రతి నోడ్‌తోనూ కలుస్తుంది. సంతలో జనం కలిసినట్టు. పొలంలో పాతిన సెన్సార్లు అలా కలవవు. ఇరవై వరసలు, వరసకి ఇరవై, మొత్తం 400 నోడ్‌లు ఊహించుకోండి. ఒక్కోదానికీ చుట్టూ ఎనిమిది పొరుగులు, సోకిన నోడ్ ఒక్క విడతలోనే పొరుగులన్నిటికీ అంటిస్తుంది. కలిసిపోయే లెక్కలో ఒకటి తొమ్మిదవుతుంది, తొమ్మిది 81 అవుతాయి, మూడో విడతకి 729, అంటే మూడు విడతల్లో 400 నోడ్‌ల నెట్‌వర్క్ అయిపోయింది. నిజమైన గ్రిడ్‌లో మధ్యలో మొదలైతే 1, 9, 25, 49, 81 ఇలా చుట్టూ ఒక్కో వరస చొప్పున పెరుగుతుంది, చివరి అంచు చేరడానికి పది విడతలు కావాలి. మూలన మొదలైతే పందొమ్మిది. ఒకదానిలో పెరుగుదల రెట్టింపుల మీద రెట్టింపులు, ఇంకోదానిలో ఎండుగడ్డిలో నిప్పు అంచు జరిగినట్టు. గేట్‌వేకి హెచ్చరిక పంపడానికి ఎంత వ్యవధి ఉందని మిమ్మల్ని అడిగితే ఈ మూడుకీ పందొమ్మిదికీ మధ్య తేడాయే మీ జవాబు.

అయితే ఎస్ఐఆర్ ఎప్పుడు సరైనది? నోడ్‌లు కదులుతున్నప్పుడు, పశువుల మెడకి కట్టిన సెన్సార్లలా ఎప్పటికప్పుడు పొరుగు మారిపోతున్నప్పుడు. లేదా అన్ని నోడ్‌లూ ఒకే గదిలో ఒకదానికొకటి వినిపించే దూరంలో ఉన్నప్పుడు. మిగతా చోట్ల దీన్ని మొదటి పేజీ అంచనాగా వాడుకోండి, చివరి జవాబుగా వద్దు.

## అక్షరాలు పెంచుకుంటూ పోయే దారి

ఎస్ఐఆర్‌కి దాగి ఉన్న దశ కలిపితే ఎస్ఈఐఆర్, తిరిగి సోకే వీలు కలిపితే ఎస్ఈఐఆర్ఎస్, టీకా వేసిన గుంపు కలిపితే ఎస్ఈఐఆర్ఎస్-వి. ఈ చివరిదాన్ని మన దేశం నుంచే మిశ్రా, కేశ్రీ 2013లో సెన్సార్ నెట్‌వర్క్‌లకి రాశారు, తర్వాత చాలామంది ఆ బాటలో నడిచారు. స్థిరత్వం నిరూపించడం, దానికోసం లయపునోవ్ ఫంక్షన్ (వ్యవస్థ నిలకడగా ఉంటుందని చూపే ఫంక్షన్) కట్టడం ఇష్టమైన గణితం వాళ్లకి ఇది మంచి చోటు.

కానీ ఇంజినీరింగ్ విద్యార్థికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: కొత్త అక్షరం చేర్చినంత మాత్రాన మోడల్ నిజానికి దగ్గరవదు. ప్రతి అక్షరంతో మీరు కొలవలేని రేట్లు ఒకటో రెండో పెరుగుతాయి. నిద్రపోయే నోడ్‌లకి గుంపు, చచ్చిపోయిన నోడ్‌లకి గుంపు చేర్చడం మాత్రం న్యాయమే, ఎందుకంటే అవి ఈ నెట్‌వర్క్‌ల్లో నిజంగా జరుగుతాయి, మీరు కొలవగలరు కూడా. మిగతావి చేర్చే ముందు ఆ రేటు ఏ పరికరంతో కొలుస్తానని మిమ్మల్ని మీరే అడగండి.

## గ్రాఫ్ మీద యాదృచ్ఛికంగా పాకించడం: నా ఓటు దీనికే

నోడ్‌లని మైదానం మీద చల్లండి. రేడియో అందే దూరంలో ఉన్న ప్రతి జంటకీ గీత గీయండి. ఇక ప్రతి గీత మీదా నాణెం ఎగరేసినట్టు అంటిందా లేదా తేల్చండి, వెయ్యి సార్లు నడపండి. కంప్యూటర్ వైరస్‌లని గ్రాఫ్ మీద పెట్టి చూడటం 1991లోనే ఐబీఎంలో కెఫార్ట్, వైట్ మొదలుపెట్టారు. గంటలు, నిమిషాల్లో నిరంతరంగా నడిచే వ్యాప్తిని ఖచ్చితంగా అనుకరించాలంటే 1970లలో గిలెస్పీ ఇచ్చిన పద్ధతి ఉంది, పైథాన్‌లో ఏభై లైన్లు.

దీని బలం ఎక్కడుందో చూపించడానికి ఒక నిజమైన కేసు. 2016లో ఆదీ షమీర్ (ఆర్ఎస్ఏ అనే ప్రసిద్ధ ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరులోని 'ఎస్' ఆయనే), మరో ముగ్గురు పరిశోధకులు ఫిలిప్స్ హ్యూ స్మార్ట్ బల్బులలో లోపం పట్టుకున్నారు. ఫర్మ్‌వేర్‌ని, అంటే బల్బు లోపలి సాఫ్ట్‌వేర్‌ని, కాపాడే తాళంచెవిని బయటికి లాగి, బల్బు నుంచి బల్బుకి జిగ్‌బీ రేడియో మీదే పాకగల వార్మ్ సాధ్యమని చూపించారు. వాళ్లు చెప్పాక కంపెనీ సరిచేసింది. అవి బల్బులే కానీ రేడియో మాత్రం చాలా సెన్సార్ నోడ్‌లు వాడేదే. అప్పుడు వాళ్లు వేసుకున్న ప్రశ్న: పారిస్ లాంటి నగరంలో ఎన్ని బల్బులుంటే ఊరంతా పాకుతుంది? పారిస్ విస్తీర్ణం సుమారు 105 చదరపు కిలోమీటర్లు. రేడియో వంద మీటర్లు అందుతుందనుకుంటే ఒక బల్బు కప్పే వలయం సుమారు 31,400 చదరపు మీటర్లు. సమతలం మీద యాదృచ్ఛికంగా చల్లిన చుక్కలు ఒకే పెద్ద గుంపుగా అతుక్కోవాలంటే సగటున ఒక్కోదానికి సుమారు 4.51 పొరుగులు ఉండాలని పెర్కొలేషన్ సిద్ధాంతం చెబుతుంది. గుణించి భాగిస్తే సుమారు 15,000 బల్బులు. అంతకంటే తక్కువైతే మంట దీవుల్లాంటి చిన్న గుంపుల్లో ఆరిపోతుంది, ఎక్కువైతే ఊరు దాటేస్తుంది.

ఈ జవాబు ఎస్ఐఆర్ సమీకరణాల్లోంచి ఎన్నటికీ రాదు. వాటిలో దీవులు ఉండవు కాబట్టి.

ఇంకో లాభం, అదృష్టం కనిపిస్తుంది. సమీకరణాల్లో ఆర్-నాట్ 2 అయితే వ్యాప్తి జరిగి తీరుతుంది. కానీ ఒక్క నోడ్‌తో మొదలైతే, ఆ నోడ్ ఎవరికీ అంటించకముందే ప్యాచ్ పడిపోవచ్చు. అందరూ అందరితో కలిసే సులువైన లెక్కలో కూడా ఇలా మొదట్లోనే చచ్చిపోయే అవకాశం ఒకటిని ఆర్-నాట్‌తో భాగిస్తే వచ్చేది, అంటే ఆర్-నాట్ 2 అయితే సగం సార్లు. మూడు నోడ్‌లతో మొదలైతే ఎనిమిదింట ఒకసారి. సగం సార్లు ఏమీ జరగని చోట సగటు గీత ఒక్కటే చూపిస్తే, ఎప్పుడూ జరగని మధ్యస్థపు వ్యాప్తిని చూపించినట్టవుతుంది.

మూడో లాభం, ఏ నోడ్ ముఖ్యమో తెలుస్తుంది. ప్యాచ్ అయినా మళ్లీ సోకే ఎస్ఐఎస్ తరహా వ్యాప్తి ఆగాలంటే అంటుకునే రేటుని కోలుకునే రేటుతో భాగిస్తే వచ్చేది, గ్రాఫ్ మాత్రికలోని (ఎవరికి ఎవరు పొరుగో చూపే పట్టిక) అతి పెద్ద ఐగెన్ విలువకి (ఆ పట్టిక నుంచి లెక్కగట్టే ఒక అంకె) విలోమం కంటే తక్కువ ఉండాలి. ఒక క్లస్టర్ హెడ్ (గుంపుకి పెద్దగా ఉండే నోడ్), దాని కింద వంద నోడ్‌లు ఉన్న నక్షత్రం తీసుకోండి. సగటు పొరుగులు రెండే. సగటుని నమ్మితే హద్దు 0.5 దగ్గర వస్తుంది, ఐగెన్ విలువ మాత్రం 10, అంటే హద్దు 0.1. ఐదు రెట్లు ఎక్కువ భద్రంగా ఉన్నామని భ్రమపడతాం. ఆ క్లస్టర్ హెడ్‌కి ముందు ప్యాచ్ వేయాలని గ్రాఫ్ తనే చెబుతుంది.

లోపాలు లేకపోలేదు. వలయం లోపలుంటే వినిపిస్తుంది, బయటుంటే వినిపించదు అనే గీత నిజ జీవితంలో అంత శుభ్రంగా ఉండదు: గోడలు, చెట్లు, వాన, పెరిగిన పంట, అన్నీ రేడియోని తినేస్తాయి. దూరాన్ని బట్టి లింక్ సంభావ్యత తగ్గేలా రాస్తే కొంత సరిపోతుంది. గాల్లో ప్యాకెట్లు ఢీకొనడం మాత్రం ఇందులో రాదు.

## సెల్యులర్ ఆటోమాటా

గ్రాఫ్‌కి చిన్న తమ్ముడు. నోడ్‌లు గ్రిడ్‌లోనే ఉండాలి, టైమ్ విడతలుగానే నడవాలి. తోటలో చెట్టుకొకటి చొప్పున సెన్సార్లు పాతిన చోట అచ్చంగా సరిపోతుంది, రంగు గళ్లు మారుతుంటే కమిటీకి కంటితో చూపించొచ్చు. గళ్లలో లేని నెట్‌వర్క్‌ని బలవంతంగా గళ్లలోకి నెడితే మాత్రం వ్యాప్తి వేగం, ఆకారం మీరు ఎంచుకున్న గళ్ల అమరిక వల్లే వస్తాయి, వైరస్ వల్ల కాదు.

## ప్యాకెట్ స్థాయి సిమ్యులేషన్

ఒక్కో ప్యాకెట్ ప్రయాణాన్నీ అనుకరించే సాఫ్ట్‌వేర్‌లు ఇవి: ఎన్ఎస్-3, ఓమ్‌నెట్ మీద నడిచే కాస్టాలియా, సెన్సార్ నోడ్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన కాంటికి వాళ్ల కూజా. కూజాలో అయితే నోడ్ మీద నడిచే అసలు ఫర్మ్‌వేర్‌నే నడపొచ్చు. నిద్ర షెడ్యూల్, ప్యాకెట్ల ఢీ, తిరిగి పంపడాలు, బ్యాటరీ, అన్నీ వస్తాయి.

బ్యాటరీ ప్రశ్న ఉన్నవాళ్లకి ఇదే దారి. టెలోస్-బీ లాంటి నోడ్‌లో వాడిన సీసీ2420 రేడియో వింటున్నప్పుడే 18.8 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. రెండు పెన్సిల్ సెల్స్‌లో 2,500 మిల్లీఆంపియర్-గంటలు ఉన్నాయనుకుంటే, రేడియో ఆపకుండా ఉంచే వైరస్ సోకిన నోడ్ అయిదున్నర రోజుల్లో ఖాళీ. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు, వైరస్ తన దారిని తానే తెగ్గొట్టుకుంటుంది. పైగా నెట్‌వర్క్‌లో సగం నోడ్‌లు ఒకేసారి వైరస్ ప్యాకెట్లు వదిలితే అవి ఒకదానినొకటి ఢీకొని వ్యాప్తే మందగిస్తుంది. ఈ రెండూ చూపించడం పై మోడళ్లకి కష్టం.

ధర మాత్రం ఎక్కువే. నేర్చుకోవడానికే రెండు నెలలు పడుతుంది, కూజాలో కొన్ని వందల నోడ్‌లు దాటితే ఒక్క రన్‌కే గంటలు గడుస్తాయి, అందుకని చాలామంది అయిదు రన్‌లతో సరిపెడతారు. అయిదు రన్‌లతో సంభావ్యత గురించి ఏమీ చెప్పలేం. ఇంకో చిక్కు, ఫలితం వచ్చాక అది వైరస్ వల్లనా, మీరు ఎంచుకున్న మ్యాక్ (ఏ నోడ్ ఎప్పుడు పంపాలో తేల్చే నియమాలు) సెట్టింగ్ వల్లనా అన్నది విడదీయడం చాలా కష్టం.

## ఒక్క చూపులో

| మోడల్ | దూరం తెలుస్తుందా | నిద్ర, ఢీలు | అదృష్టం కనిపిస్తుందా | పట్టే టైమ్ | సరిపోయే ప్రశ్న |
|---|---|---|---|---|---|
| ఎస్ఐఆర్ | తెలియదు | రేటులో కలిపేయాలి | లేదు | రోజులు | కదిలే నోడ్‌లు, తొలి అంచనా |
| ఎస్ఈఐఆర్ఎస్-వి వంటివి | తెలియదు | గుంపుగా చేర్చొచ్చు | లేదు | నెలలు | గణిత నిరూపణలు |
| గ్రాఫ్ మీద యాదృచ్ఛికం | తెలుస్తుంది | నిద్ర వస్తుంది, ఢీలు రావు | ఉంది | వారాలు | పాకుతుందా, ఎంత వేగం, ఎక్కడ ప్యాచ్ |
| సెల్యులర్ ఆటోమాటా | గళ్లలో మాత్రమే | కొంతవరకు | పెట్టొచ్చు | రోజులు | వరసగా పాతిన నోడ్‌లు |
| ప్యాకెట్ సిమ్యులేషన్ | తెలుస్తుంది | అన్నీ వస్తాయి | ఉంది, కానీ రన్‌లు తక్కువ | నెలలు | బ్యాటరీ, ప్రోటోకాల్ తేడాలు |

## మరి మీకు ఏది?

నాలుగు నెలల ఎంటెక్ ప్రాజెక్టు అయితే గ్రాఫ్ తీసుకోండి, పక్కన ఎస్ఐఆర్ గీత కూడా గీయండి. రెండిటి మధ్య ఖాళీ ఎంత, ఎందుకు వచ్చింది అన్నదే మీ ప్రాజెక్టు. గైడ్ సమీకరణాలే కావాలంటే కాదనక్కర్లేదు, ఎస్ఐఆర్ మొదటి అధ్యాయం అవుతుంది.

గణితంలో పీహెచ్‌డీ చేస్తుంటే సమీకరణాల దారి మీది, కాకపోతే ఐగెన్ విలువ ఉన్న వైపు నడవండి, అక్కడ చేయాల్సిన పని చాలా మిగిలి ఉంది. కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ అయితే గ్రాఫ్‌తో విస్తారంగా వెతికి, అందులో ఆసక్తికరంగా తోచిన మూడు నాలుగు సందర్భాలని మాత్రం కూజాలోకి తీసుకెళ్లి సరిచూడండి. రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి.

ఫ్యాక్టరీలోనో పొలంలోనో నిజంగా నెట్‌వర్క్ నడుపుతున్నవాళ్లు మోడల్ కంటే ముందు తమ నోడ్‌ల పొరుగు పట్టిక బయటికి తీయండి. రూటింగ్ కోసం నోడ్‌లు ఎలాగూ దాన్ని దాచుకుంటాయి. ఆ పట్టికే మీ గ్రాఫ్, ఊహించి చల్లాల్సిన పని లేదు. దాని మీద ఐగెన్ విలువ లెక్కగట్టడం ఒక పూట పని, ఎక్కడ ముందు ప్యాచ్ వేయాలో అక్కడే తెలిసిపోతుంది.

ఎవరు ఏది ఎంచుకున్నా మూడు విషయాలు రిపోర్టులో తప్పకుండా రాయండి: వైరస్‌ని ఏ నోడ్‌లో మొదలుపెట్టారు, ఎన్ని రన్‌లు నడిపారు, అందులో ఎన్నిట్లో వైరస్ పుట్టిన చోటే ఆగిపోయింది. మొదలుపెట్టిన చోటు మూలనా మధ్యలోనా అన్నదాన్ని బట్టే పైన పది విడతలు పందొమ్మిది అయ్యాయి కదా, అది చెప్పకుండా ఇచ్చిన వేగం ఎవరికీ పనికిరాదు.

ఆ జూనియర్ నిన్న మెసేజ్ పెట్టాడు. వాళ్ల కాలేజీ తోటలో ఇరవై ఆరు నోడ్‌లు పాతారట, పొరుగు పట్టిక తీసి చూస్తే పంప్‌హౌస్ పక్కనున్న ఒక్క నోడ్ తీసేస్తే నెట్‌వర్క్ రెండు ముక్కలవుతుందట. దాని మీదే మొదలుపెడుతున్నాడు.